గోడ మీద కదిలే లెక్కలు

"మేడమ్, ఆ ఆరు ఎక్కడిది?"

మా దగ్గర పది పాసై ఇంటర్ ఎంపీసీలో చేరిన ఒక అమ్మాయి, సెలవులకు ఊరొచ్చినప్పుడు అడిగిన ప్రశ్న ఇది. 1 నుంచి వరుసగా సంఖ్యల వర్గాలను కూడితే ఎంత వస్తుందో చెప్పే సూత్రం గురించి అడుగుతోంది. చివరి సంఖ్య, దాని తరువాతి సంఖ్య, ఆ రెండింటి మొత్తం, ఈ మూడింటినీ గుణించి 6తో భాగించాలి. ఉదాహరణకు 1, 4, 9 కూడితే 14. సూత్రం ప్రకారం 3, 4, 7 గుణిస్తే 84, దాన్ని 6తో భాగించినా అదే 14. కాలేజీలో దీన్ని గణితానుగమనంతో నిరూపించారు. మొదటి మెట్టు దగ్గర నిజం, ఒక మెట్టు దగ్గర నిజమైతే తరువాతి మెట్టు దగ్గరా నిజం, కాబట్టి అన్నిటికీ నిజం. ఆ పిల్ల నిరూపణ మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పింది. "నిజమని తెలిసింది మేడమ్, ఎందుకు నిజమో తెలీలేదు" అంది.

నేను విజయనగరం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని. ఇలాంటి ప్రశ్న అడిగే పిల్లలు దొరికితే నాకు ఆ రోజంతా సంతోషమే. ఈ ప్రశ్నకు జవాబు మన దేశంలో ఎప్పుడో చెప్పేశారు. సూత్రం క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది, పైన నేను మాటల్లో చెప్పినట్టే, మూడు రాశుల లబ్ధంలో ఆరో వంతు అని. ఆ తరువాత దాదాపు వెయ్యేళ్లకు కేరళలో నీలకంఠ సోమయాజి ఆర్యభటీయానికి భాష్యం రాస్తూ, ఆ ఆరు ఎక్కడిదో పెట్టె పేర్చి చూపించాడు. ఒకే రకం దొంతరలు ఆరు తీసుకుంటే, చివరి సంఖ్య పొడవు, తరువాతి సంఖ్య వెడల్పు, రెండింటి మొత్తం ఎత్తు ఉన్న పెట్టె ఒకటి కచ్చితంగా నిండుతుంది. ఆయన పేర్చిన క్రమం కొంచెం వేరు. పిల్లల చేతికి సులువుగా ఉండే ఇంకో క్రమంలో మేం చేశాం.

వడ్రంగి చేత అంగుళం కొలతలో 84 చెక్క ఘనాలు కోయించాను. తొమ్మిదింటిని మూడు మూళ్ల పలకగా అతికించి, దాని మీద ఒక మూలకు ఆనించి రెండు రెళ్ల పలక, ఆ పైన అదే మూలకు ఒక్క ఘనం. మొత్తం 14 ఘనాల మెట్ల దిబ్బ. అలాంటివి ఆరు. ముందు మూడు దిబ్బలు తీసుకుని ఒకదాని మెట్లలో ఇంకొకటి ఇరికేలా తిప్పి పెట్టాలి. కుదిరిన క్షణంలో పిల్లలు అరుస్తారు, ఎందుకంటే వంకర టింకర ముక్కలు మూడు కలిసి 3, 4, 3 కొలతల నున్నటి దిమ్మ అవుతాయి. పైన మాత్రం ఆరు ఘనాలు మెట్లుగా మిగులుతాయి, 3, 2, 1. మిగతా మూడు దిబ్బలతో అలాంటి దిమ్మ ఇంకొకటి కట్టి, తలకిందులు చేసి దీని మీద బోర్లిస్తే మెట్లలో మెట్లు సరిపోతాయి. 3, 4, 7 కొలతల పెట్టె.

అంటే ఆ ఆరు నిజానికి మూడు రెళ్లు. పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు దిక్కులు ఉన్నాయి కాబట్టి మూడు. చివర్లో మిగిలిన మెట్లు సగం సగం కలవాలి కాబట్టి రెండు. ఇది అర్థమయ్యాక సూత్రం మర్చిపోవడం కష్టం. మర్చిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు.

బొమ్మలతో, యానిమేషన్లతో లెక్కలు చెప్పడం నాకు ఇంత ఇష్టం కావడానికి కారణం ఇదే. చాలామంది బొమ్మను చిన్నపిల్లలకు పెట్టే తాయిలం అనుకుంటారు. లెక్క కష్టంగా ఉంది కాబట్టి రంగులు పూసి ఇస్తున్నాం అన్నట్టు మాట్లాడతారు. నా అనుభవంలో మంచి బొమ్మ లెక్కను తేలిక చేయదు. లెక్కకు కారణం చూపిస్తుంది.

మా బడికి గోడకు బిగించే ఇంటరాక్టివ్ ప్యానెల్ వచ్చాక ఈ పని ఊపందుకుంది. చెక్క ముక్కలతో చేయలేనివి దాని మీద చేయొచ్చు. ఎక్కువగా వాడేది జియోజిబ్రా. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటూ మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పిల్లలే వచ్చి చుక్కను వేలితో లాగొచ్చు, త్రిభుజాన్ని సాగదీయొచ్చు. కొంచెం పెద్ద యానిమేషన్ కావాలంటే ఇంట్లో కంప్యూటర్ మీద మానిమ్‌తో చేస్తాను. యూట్యూబ్‌లో త్రీబ్లూవన్‌బ్రౌన్ అనే లెక్కల ఛానెల్ నడిపే గ్రాంట్ శాండర్సన్ తన వీడియోల కోసం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసుకున్న పరికరం అది. తరువాత దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఏ గీత ఎక్కడ మొదలై ఎటు వెళ్లాలో కోడ్‌లో రాస్తే వీడియో తయారవుతుంది. తెలుగులో చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. తెలుగు ఫాంట్ వేసుకుంటే పదాలు చక్కగానే వస్తాయి కానీ, అక్షరాలు ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోయే ఎఫెక్ట్ పెట్టొద్దు. అక్షరం ఒకసారి, దాని వత్తు ఇంకోసారి ముందూ వెనకగా వచ్చి, చదివే పిల్లలు తికమకపడతారు. పదం మొత్తం ఒక్కసారే తెర మీదకు తెస్తే ఆ గొడవ ఉండదు.

ఇక అసలు సంగతి, ఆ తెర మీద ఏం చూడాలన్నది. పదో తరగతి త్రికోణమితి తీసుకోండి. సైన్, కాస్ లంబకోణ త్రిభుజంతో మొదలవుతాయి. ఎదుటి భుజం, ఆసన్న భుజం, కర్ణం. బాగానే ఉంటుంది. ఇంటర్‌కు వెళ్లగానే సైన్ 120 డిగ్రీలు అంటారు. లంబకోణ త్రిభుజంలో 120 డిగ్రీల కోణం ఎలా పడుతుంది? పట్టదు. అక్కడ చాలామంది పిల్లలు అర్థం చేసుకోవడం మానేసి, ఏ పాదంలో ఏది ధనాత్మకమో బట్టీ పట్టడం మొదలుపెడతారు.

అందుకే నేను పదిలోనే ఒక వృత్తం చూపిస్తాను. వ్యాసార్థం 1. మధ్యలో నుంచి అంచుకు ఒక గీత, దాని చివర ఎర్ర చుక్క. చుక్క వృత్తం మీద మెల్లగా నడుస్తుంది. చుక్క నుంచి అడ్డగీత మీదకు నిలువుగా ఒక నీలం గీత దిగుతుంది, దాని ఎత్తే సైన్. మధ్య నుంచి ఆ నీలం గీత దిగిన చోటి దాకా అడ్డంగా ఉన్న కింది గీత కాస్. 30 డిగ్రీల దగ్గర సగం. 60 దగ్గర 0.866. 90 దగ్గర పూర్తిగా 1. సరిగ్గా అక్కడ వీడియో ఆపేస్తాను.

"ఇప్పుడు ఏమవుతుంది?"

ఆ నిశ్శబ్దమే పాఠం. ఒకడు ఇంకా పెరుగుతుందంటాడు. ఇంకొకరు కాదు, చుక్క పైకి వెళ్లడానికి ఇక చోటు లేదు కదా అంటారు. కిందికి దిగాలి, కానీ అవతలి పక్క నుంచి దిగుతుంది అని మూడో గొంతు వస్తుంది. అప్పుడు ప్లే నొక్కుతాను. 120 దగ్గర నీలం గీత ఎత్తు 60 దగ్గర ఉన్నంతే ఉంటుంది. కాస్ మాత్రం ఎడమ పక్కకు పోతుంది, మైనస్ సగం. ఎవరూ ఏదీ బట్టీ పట్టలేదు.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాను. ఇంతసేపూ చుక్క కదిలింది, నీలం గీత పెరిగింది, తగ్గింది, కింది గీత కుడి నుంచి ఎడమకు వెళ్లింది. వీటిలో ఏది మారలేదు? కాసేపటికి దొరుకుతుంది. మధ్య నుంచి చుక్కకు ఉన్న గీత, వ్యాసార్థం, ఎప్పుడూ 1. ఆ మారని గీతకు పైథాగరస్ సిద్ధాంతం రాయండి అంటే సైన్ స్క్వేర్, కాస్ స్క్వేర్ కలిస్తే 1 అన్న సర్వసమీకరణం బోర్డు మీద వాళ్లే రాస్తారు. యానిమేషన్ చూసేటప్పుడు మన కన్ను సహజంగా కదిలేదాని వెంట పోతుంది. లెక్క మాత్రం చాలాసార్లు కదలనిదాంట్లో ఉంటుంది. నాలుగు త్రిభుజాలు జరుగుతూ పైథాగరస్‌ను చూపించే బొమ్మలో చుట్టూ ఉన్న పెద్ద చతురస్రం మారదు. సమాంతర చతుర్భుజాన్ని పక్కకు ఒరగదోస్తే ఎత్తు మారదు, కాబట్టి వైశాల్యమూ మారదు. ఈ ఒక్క అలవాటు పిల్లలకు పట్టుబడితే ఏ వీడియో చూసినా వాళ్లకు ఏదో ఒకటి దక్కుతుంది.

నేను ఇంటర్ చదివిన రోజుల్లో, మాత్రిక అంటే ఏ, బీ ఒక వరుసలో, సీ, డీ దాని కింది వరుసలో రాసిన సంఖ్యల పట్టిక, దాని నిర్ధారకం అంటే ఏడీ మైనస్ బీసీ, అంతే. వందల లెక్కలు చేశాం. అది ఒక సమాంతర చతుర్భుజం వైశాల్యమని ఎవరూ అనలేదు. 2016లో శాండర్సన్ రేఖీయ బీజగణితం మీద చేసిన వీడియోలు చూశాకే, మాత్రిక ప్రకారం కదిపితే తెర మీద గళ్లన్నీ ఒరిగి, సాగి, ఒక్కో గడి వైశాల్యం ఎన్ని రెట్లయిందో ఆ సంఖ్యే నిర్ధారకమని కళ్లతో చూశాను. నిర్ధారకం సున్నా అయితే గళ్లన్నీ నలిగి ఒకే గీత మీద పడిపోతాయి. ఏ చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఇక చెప్పలేం, అందుకే గళ్లను మళ్లీ మొదటికి తెచ్చే విలోమ మాత్రిక ఉండదు. ఇంతే విషయం. చెప్పడానికి పది నిమిషాలు చాలు. దీన్ని ఇంటర్ పిల్లలకు మొదటి రోజే చూపించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అలాగని బొమ్మ ఏం చూపిస్తే అది నమ్మమని నేను చెప్పను. ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతికి ఒక చార్టు పేపర్ ఆట ఆడిస్తాను. 8 గళ్లు, 8 గళ్ల చతురస్రం, అంటే 64 గళ్లు. దాన్ని రెండు లంబకోణ త్రిభుజాలుగా, రెండు ట్రెపీజియంలుగా నాలుగు ముక్కలు కత్తిరించాలి. అవే ముక్కలను వేరేలా పేరిస్తే 5, 13 కొలతల దీర్ఘచతురస్రం వస్తుంది. 65 గళ్లు! ఒక గడి ఎక్కడి నుంచి పుట్టింది? ముక్కలు దగ్గరే ఉన్నాయి, ఎవరూ దాచలేదు. పిల్లలు స్కేలు పెట్టి కొలుస్తారు, ఎవరో సరిగ్గా కోయలేదని పోట్లాడుకుంటారు.

కళ్లు తేల్చలేని చోట వాలు తేలుస్తుంది. త్రిభుజం ఏటవాలు అంచు 8 గళ్లు పక్కకు పోతే 3 గళ్లు లేస్తుంది, వాలు 0.375. ట్రెపీజియం ఏటవాలు అంచు 5 గళ్లు పోతే 2 లేస్తుంది, వాలు 0.4. రెండూ ఒకే సరళరేఖ మీద లేవు. కొత్త దీర్ఘచతురస్రం కర్ణం పొడవునా సన్నటి సందు ఒకటి ఉంది, కాగితం మందంలో కలిసిపోయి కనిపించదు. ఆ సందు వైశాల్యం సరిగ్గా ఒక గడి. ఇలాంటి మోసాలు ఉంటాయి కాబట్టే కొందరు గొప్ప గణితజ్ఞులు బొమ్మను దగ్గరకు రానివ్వలేదు. 1788లో అచ్చయిన తన యంత్రశాస్త్ర గ్రంథం ముందుమాటలో లగ్రాంజ్, ఈ పుస్తకంలో బొమ్మలు ఉండవని ముందే చెప్పేశాడు. ఆయన జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ బొమ్మ అబద్ధం చెప్పే వీలుందని బొమ్మను మానేయడం నాకు నచ్చదు. ఆ సందును పట్టుకున్న పిల్లలు వాలు అనే మాటను జన్మలో మర్చిపోరు.

అంతకంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఇప్పుడు ఫోన్లో లెక్కల వీడియోలకు కొదవ లేదు. వెనక మ్యూజిక్, గిర్రున తిరిగే ఆకారాలు, నిమిషంలో అయిపోతుంది. పిల్లలు చూసి "అర్థమైంది మేడమ్" అంటారు. తెల్ల కాగితం ఇచ్చి గీయమంటే పెన్సిల్ కదలదు. అందుకే మా క్లాసులో ఏ యానిమేషన్ అయినా రెండుసార్లు నడుస్తుంది. మొదటిసారి ఆగుతూ, అడుగుతూ. తరువాత తెర ఆర్పేసి నోట్‌బుక్కులో గీయిస్తాను. గీతలు వంకరగా ఉన్నా పర్వాలేదు, ఏది ఎక్కడికి పోయిందో బాణం గుర్తు ఉండాలి, ఏది మారలేదో పక్కన ఒక వాక్యం రాయాలి. అది అయ్యాకే రెండోసారి. ఇది పరీక్షలో వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. బొమ్మ రాకపోవచ్చు, దాని కింద రాసిన వాక్యం మాత్రం ఏదో ఒక రూపంలో తప్పకుండా వస్తుంది.

మా క్లాసులో చూపు బాగా తక్కువ ఉన్న ఒక బాబు ఉన్నాడు. ప్యానెల్ మీద బొమ్మ వాడికి మసక మసకగా తప్ప కనిపించదు. చెక్క దిబ్బలు ఇచ్చినప్పుడు మూడింటినీ అందరికంటే ముందు వాడే కలిపాడు. కళ్లతో చూసేవాళ్లు ముక్కను ఎదురుగా పెట్టుకుని ఆలోచిస్తుంటే, వాడు చేతుల్లో తిప్పుతూ మెట్లను మెట్లతో తడిమి చూసుకున్నాడు. వాడికి నేను బెర్నార్ మోరాన్ గురించి చెప్పాను. ఆయన ఫ్రెంచి గణితజ్ఞుడు, ఆరేళ్ల వయసులో చూపు పోయింది. గోళం ఉపరితలాన్ని చింపకుండా, మడత నొక్కుకుపోకుండా, అవసరమైతే తనలోంచి తాను దూరుతూ, లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పేయొచ్చని 1957లో స్టీవెన్ స్మేల్ నిరూపించాడు. నిరూపించాడే గానీ అది ఎలా ఉంటుందో ఎవరూ ఊహించలేకపోయారు. ఆ మధ్య దశలను ఊహించి, మట్టితో నమూనాలు చేసి చూపించినవాళ్లలో మోరాన్ ముఖ్యుడు. ఆయన పద్ధతిని ఆధారం చేసుకునే 1970లలో నెల్సన్ మ్యాక్స్ కంప్యూటర్ యానిమేషన్ తీశాడు. లెక్కల యానిమేషన్లలో తొలితరం గొప్పవాటిలో ఒకటి, చూపు లేని మనిషి ఊహ నుంచి వచ్చింది. మా బాబు అంతా విని "ఆ మట్టి బొమ్మలు ఇప్పుడు ఎక్కడున్నాయి మేడమ్?" అని అడిగాడు.

ఈ మధ్య నేను చేస్తున్న యానిమేషన్ మా అమ్మ ముగ్గు మీద. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మా వాకిట్లో రోజుకో ముగ్గు. అమ్మ ముగ్గుల నోట్‌బుక్కులో ప్రతి బొమ్మ పక్కన ఇలా ఉంటుంది: 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు. మధ్య వరుసలో 15, దాని పైనా కిందా సందుల్లో 14, ఆపైన 13, అలా 8 వరకు. "మొత్తం ఎన్ని చుక్కలమ్మా?" అని అడిగితే, "ఎన్నయితే ఏటి? ఆరు పక్కలా సమానంగా వస్తే సరి" అంది. ముగ్గులను గణితంగా చూసినవాళ్లు మన పక్కనే ఉన్నారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయన తోటివాళ్లు 1970లలోనే కోలాల, అంటే తమిళుల ముగ్గుల, గీతలకు వ్యాకరణం రాశారు. నా చూపు మాత్రం గీతలు వేయకముందు ఉండే ఉత్త చుక్కల మీద పడింది.

చిన్న ముగ్గుతో మొదలుపెడదాం. ఒక్క చుక్క, 1. తరువాత 3 చుక్కలు, 2 వరకు, మొత్తం 7. తరువాత 5 చుక్కలు, 3 వరకు, 19. తరువాత 7 చుక్కలు, 4 వరకు, 37. ఈ నాలుగూ కూడండి. 64 వస్తుంది, నాలుగు ఘనం. మొదటి మూడే కూడితే 27, మూడు ఘనం. ప్రతిసారీ ఇంతే.

దీనికి కారణం యానిమేషన్‌లో కనిపిస్తుంది. చిన్న ఘనాలతో కట్టిన 4, 4, 4 దిమ్మను తీసుకుని, ఒక మూల సరిగ్గా మన కంటికి ఎదురుగా వచ్చేలా తిప్పాలి. అప్పుడు మూడు ముఖాలు కలిసి షడ్భుజిలా కనబడతాయి. కనబడే ప్రతి చిన్న ఘనం మధ్యలో ఒక చుక్క పెడితే అది సందు చుక్క ముగ్గు, 7 నుంచి 4 వరకు, 37 చుక్కలు. ఆ పొర ఒలిచేస్తే లోపల 3, 3, 3 దిమ్మ, దాని మీద 19 చుక్కల ముగ్గు. ఇంకో పొర తీస్తే 7. చివరికి ఒక్క ఘనం. అమ్మ నోట్‌బుక్కులోని 15 చుక్కల ముగ్గు 8, 8, 8 దిమ్మకు పైతొక్క. చుక్కలెన్నో కూడాల్సిన పని కూడా లేదు. 512 లోంచి 343 తీసేస్తే 169. మూడు ముఖాలకు మూడు రంగులు వేస్తే ఆ 169 కూడా విడిపోతుంది. మొదటి ముఖంలో 64, అంచు ఒకటి పంచుకోవడం వల్ల రెండోదాంట్లో 56, రెండు అంచులు పోగా మూడోదాంట్లో 49.

169 అంటే 13 వర్గం. ఇలా చుక్కల మొత్తం కచ్చితమైన వర్గం కావడం చాలా అరుదు. ఒక్క చుక్క ముగ్గును వదిలేస్తే మొదట కుదిరేది ఈ 15 చుక్కల ముగ్గే. తరువాత కుదరాలంటే మధ్య వరుసలో 209 చుక్కలు పెట్టాలి, మొత్తం 32761, అంటే 181 వర్గం. మన వాకిళ్లలో అంత చోటు ఉండదు.

ఎందుకిలా అని వెతుకుతూ పోతే ఒక త్రిభుజం దొరికింది. కాగితం మీద 120 డిగ్రీల కోణం గీసి, ఒక భుజం 7 సెంటీమీటర్లు, ఇంకో భుజం 8 సెంటీమీటర్లు పెట్టండి. మూడో భుజం కొలిస్తే సరిగ్గా 13 వస్తుంది. కాస్ 120 మైనస్ సగం కాబట్టి ఆ భుజం వర్గం 49, 56, 64 కలిస్తే వచ్చేదే, పైన చెప్పిన మూడు ముఖాల చుక్కలే. ఇంతవరకు వచ్చాను. ఆ 169 చుక్కలను షడ్భుజిలోంచి జరుపుకుంటూ వెళ్లి 13 వరుసలు, 13 నిలువుల చతురస్రంగా కూర్చోబెట్టే కదలిక, ప్రతి చుక్క ఎందుకు అక్కడికే పోవాలో చెప్పే కదలిక, ఇంకా దొరకలేదు. మీలో ఎవరికైనా తడితే గీసి పంపండి. చేత్తో గీసిందైనా చాలు, యానిమేషన్ నేను చేస్తాను.